వాడు మారడా?

"వాడు మారడు." మత్తుకు అలవాటుపడిన మనిషి గురించి ఇంట్లోవాళ్లు అనే మాట ఇది. గల్లీలోవాళ్లూ అంటారు, ఠాణాలో జవాన్లూ అంటారు. ఒక్కోసారి చికిత్స కేంద్రాల సిబ్బంది నోటా వినిపిస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో గౌలిపుర, లాల్‌దర్వాజా, సుల్తాన్‌షాహీ, ఛత్రినాక లాంటి చోట్ల గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఈ మాట ఒక గడప లోపల ఆగదు. బడి ఈడులోనే బడి మానేసినవాడు, తల్లి ఒంటిమీది బంగారం తాకట్టు పెట్టి ఆ డబ్బు గాంజాకూ గోలీలకూ తగలేసినవాడు, రెండుసార్లు డీఅడిక్షన్‌లో చేర్పిస్తే రెండుసార్లూ మధ్యలోనే వచ్చేసినవాడు. అలాంటి మనిషి మీద తీర్పు ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

అలాంటివాళ్లలో కొందరికి మనోవైద్యులు పెట్టే పేరు సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత. ఆస్పత్రి చీటీ మీద ఏఎస్‌పీడీ అని రాస్తారు. ఈ పేరు పడిందంటే చాలు, అప్పటిదాకా ఇంటివాళ్ల విసుగుగా ఉన్న మాట వైద్యశాస్త్రమే ఒప్పుకున్న నిజమైపోతుంది. మందులు వాడినా దండగే, కౌన్సెలింగ్ ఇచ్చినా దండగే, పడక ఇంకొకరికి ఇస్తే నయం అనే ధోరణి మొదలవుతుంది. నలభై ఏళ్ల పరిశోధనలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. ఆ మాట పాతబస్తీ దాకా రావలసిన అవసరం చాలా ఉంది.

ముందు ఈ రుగ్మత ఏమిటో చూద్దాం. పదేపదే చట్టాన్ని ఉల్లంఘించడం, అలవాటుగా అబద్ధాలాడి మోసగించడం, ముందువెనుకలు చూడకుండా ఏది తోస్తే అది చేయడం, చీటికిమాటికి కొట్లాటకు దిగడం, తన ప్రాణమన్నా ఎదుటివాడి ప్రాణమన్నా లెక్కలేకపోవడం, ఉద్యోగంలోనూ అప్పుల్లోనూ బాధ్యత లేకపోవడం, చేసినదానికి పశ్చాత్తాపం లేకపోవడం. అమెరికా మనోవైద్యుల సంఘం వర్గీకరణలో ఉన్న ఈ ఏడింటిలో కనీసం మూడు ఉండాలి. అంతటితో సరిపోదు. మనిషికి పద్దెనిమిదేళ్లు నిండాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఇంకొకటి: పదిహేనేళ్లలోపే ఆ పోకడలు మొదలై ఉండాలి. చిన్నప్పటి చరిత్ర అడగకుండా ఎవరికీ ఈ పేరు పెట్టడానికి లేదు.

ఈ షరతు వెనుక లీ రాబిన్స్ అనే అమెరికన్ పరిశోధకురాలి శ్రమ ఉంది. సెయింట్ లూయిస్ నగరంలో ఒకప్పుడు పిల్లల మానసిక వైద్యశాలకు వచ్చిన 524 మందిని, పోల్చి చూసేందుకు మామూలు బడిపిల్లలు 100 మందిని, ముప్పై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుని ఆమె బృందం వాళ్ల జీవితాలను నమోదు చేసింది. 1966లో ఆ ఫలితాలు పుస్తకంగా వచ్చాయి. పెద్దయ్యాక సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ చిన్నతనంలోనే ఆ ఛాయలున్నాయి. ఎదిగాక ఉన్నట్టుండి పుట్టుకొచ్చిన సందర్భాలు లేవన్నంత అరుదు. అదే అధ్యయనంలో రెండో సంగతీ తేలింది. చిన్నప్పుడు దొంగతనాలు చేసి, బడి ఎగ్గొట్టి, కొట్లాడిన పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక అలా మిగల్లేదు. మొదటిది అందరూ గుర్తు పెట్టుకున్నారు. రెండోది గుర్తున్నవాళ్లు తక్కువ.

మత్తు ఈ లెక్కను తికమక పెడుతుంది. గాంజాకు డబ్బు కోసం అబద్ధమాడినవాడు, తాగి కత్తి తీసినవాడు, అప్పు ఎగ్గొట్టినవాడు పైపైన చూస్తే ఈ ఏడు లక్షణాలకూ సరిపోతాడు. వ్యసనం ఎవరిచేతనైనా ఆ పనులు చేయించగలదు. మత్తు మొదలవక ముందు ఈ మనిషి ఎలా ఉండేవాడు, మత్తు లేని నెలల్లో ఎలా ఉన్నాడు అని అడిగితేనే తేడా తెలుస్తుంది. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగేది తల్లి, అక్క, చిన్నప్పటి పంతులు. చేరిన రోజునే పది నిమిషాల్లో ముగిసే పరిశీలనలో వాళ్లతో మాట్లాడే తీరిక ఉండదు.

హైదరాబాద్‌లో ఈ తికమకకు ఇంకో కారణం తోడవుతుంది: కల్లు. నగరంలో 2004లో మూతపడ్డ కల్లు దుకాణాలు తెలంగాణ వచ్చాక 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. ఈత, తాటి చెట్లు కనిపించని నగరంలో అంత కల్లు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు అందరికీ తెలిసిందే. ఆల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపిన కల్లు తెలంగాణ జిల్లాల్లో ఏళ్ల తరబడి పట్టుబడుతూనే ఉంది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద ఒక్కసారిగా ఉక్కుపాదం మోపినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. చేతులు వణకడం, మూర్ఛలు, లేనివి కనిపించడం, వినిపించడం, పిచ్చి కోపం, కట్టేస్తే తప్ప ఆగని ఉద్రేకం. వాళ్లు తాగిన కల్లులో ఆల్ప్రాజోలం ఉందని వాళ్లలో చాలామందికి తెలియదు. అది హఠాత్తుగా ఆగిపోతే నాడీవ్యవస్థ అదుపు తప్పుతుంది. ఆ స్థితిలో ఉన్న మనిషిని చూసి "వీడి గుణమే అంత" అనుకోవడం ఎంత తేలికో, ఎంత తప్పో ఆ రోజులు చూసిన వైద్యులకు తెలుసు. మత్తు పూర్తిగా దిగి, శరీరం కుదుటపడి, కొన్ని వారాలు గడిచాకే వ్యక్తిత్వం గురించి మాట్లాడాలనే నియమం ఇందుకే.

ఇక రౌడీషీటు సంగతి. పాతబస్తీలో కుర్రాడి మీద రెండు మూడు కొట్లాట కేసులు పడితే ఠాణాలో అతని పేరిట షీటు తెరిచే అవకాశం ఉంది. అప్పటి నుంచి పండగ వచ్చినా ఎన్నికలు వచ్చినా పిలుపు వస్తుంది. 2015లో దక్షిణ మండలం పోలీసులు ఆపరేషన్ చబుత్రా పేరుతో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను పట్టుకుని, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చి పంపడం మొదలుపెట్టారు. శాంతిభద్రతలు చూసుకునేవారికి వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. షీటు మాత్రం రోగనిర్ధారణ కాదు. నేరం చేసినవాళ్లందరికీ ఈ రుగ్మత ఉండదు. సీనా ఫజెల్, జాన్ డానెష్ 2002లో పన్నెండు దేశాల జైళ్లలో జరిగిన 62 సర్వేలను, దాదాపు 23 వేలమంది ఖైదీల వివరాలను కలిపి చూశారు. మగ ఖైదీల్లో ఈ రుగ్మత ఉన్నవారు 47 శాతం, ఆడవారిలో 21 శాతం. మామూలు జనంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. అయినా జైలు గోడల లోపల ఉన్న మగవాళ్లలోనే సగానికి పైగా ఈ రుగ్మత లేదు. ఇక అరుగు మీద కూర్చున్న కుర్రాడిని చూసి ఏం నిర్ణయించగలం?

చికిత్సకు వచ్చే వ్యసనపరుల్లో ఈ రుగ్మత ఎంత ఉంటుందన్నదానికి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బ్రూనర్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ ప్రమాణంగా నిలిచింది. హెరాయిన్ లాంటి నల్లమందు జాతి మత్తులకు బానిసై, వాటికి బదులుగా వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే మెథడోన్ అనే మందుతో చికిత్స కోసం వచ్చిన 716 మందిని పరిశీలిస్తే 25.1 శాతం మందికి సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత ఉంది. మత్తుతో పాటు కనిపించిన మానసిక సమస్యలన్నిటిలో ఇదే మొదటి స్థానంలో ఉంది. రెండో స్థానం 15.8 శాతంతో తీవ్రమైన డిప్రెషన్‌ది. సూదులు పంచుకోవడం లాంటి ప్రమాదాలు వీళ్లలో ఎక్కువని, హెచ్ఐవీ సోకే అవకాశమూ ఎక్కువని అదే బృందం అంతకు నాలుగేళ్ల ముందే చూపించింది. అంటే చికిత్స కేంద్రం తలుపు తట్టే ప్రతి నలుగురిలో ఒకరు ఈ కోవకు చెందినవారు కావచ్చు. వాళ్లను బయటికి పంపితే మత్తు వల్ల సమాజానికి జరిగే నష్టంలో పెద్ద భాగాన్ని వదిలేసినట్టే.

ఫలితాల దగ్గరికి వద్దాం. ఈ రుగ్మత ఉన్నవాళ్లు చికిత్స తర్వాత కూడా మిగతావాళ్ల కంటే ఎక్కువ మత్తు వాడుతున్నారు, ఎక్కువ కేసుల్లో ఇరుక్కుంటున్నారు అని తొలినాటి అధ్యయనాలు చాలా చెప్పాయి. ఆ మాట నిజమే. దాన్నుంచి తీసిన తీర్మానం దగ్గరే పొరపాటు జరిగింది. ఇద్దరు మనుషులు దిగుడుబావిలో ఉన్నారనుకోండి. ఒకడు పదో మెట్టు మీద, ఇంకొకడు ఇరవయ్యో మెట్టు మీద. ఇద్దరూ తలా అయిదు మెట్లు ఎక్కారు. పైనుంచి చూసేవాడికి రెండోవాడు ఇంకా చాలా లోతులోనే కనిపిస్తాడు. వాడసలు ఎక్కలేదంటే మాత్రం అబద్ధమవుతుంది. ఈ రుగ్మత ఉన్నవాళ్లు చికిత్సకు వచ్చేటప్పటికే ఎక్కువ మత్తుతో, ఎక్కువ కేసులతో, తక్కువ ఆసరాతో వస్తారు. ఎక్కడ మొదలుపెట్టారన్నది లెక్కలోకి తీసుకుని చూసిన అధ్యయనాల్లో వాళ్ల మెరుగుదల మిగతావాళ్లకు దరిదాపుల్లోనే ఉంది. నీనా మెస్సినా, ఎరిక్ విష్, సుసానా నెమెస్ వాషింగ్టన్ నగరంలో రోగులు కలిసి ఉండి కోలుకునే నివాస కేంద్రాలను పరిశీలించి 1999లో రాసిందీ ఇదే. చికిత్స పూర్తి చేయడంలోనూ, బయటికొచ్చాక మత్తు తగ్గించడంలోనూ, మళ్లీ అరెస్టు కాకపోవడంలోనూ రెండు వర్గాల తీరూ ఒకటే.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఫిలడెల్ఫియాలో జార్జ్ ఉడీ బృందం 1985లో చూపిన తేడా. మెథడోన్ తీసుకుంటున్న మాజీ సైనికులకు మానసిక చికిత్స కూడా జోడించారు. సంఘ వ్యతిరేక వ్యక్తిత్వం ఒక్కటే ఉన్నవాళ్లకు దానివల్ల పెద్దగా మేలు జరగలేదు. ఆ వ్యక్తిత్వంతో పాటు డిప్రెషన్ కూడా ఉన్నవాళ్లు మాత్రం మిగతావాళ్లకు దాదాపు సమానంగా బాగుపడ్డారు. అంటే లోపల దిగులు, కుమిలిపోవడం మిగిలి ఉన్న మనిషి దగ్గరికి మాట చేరుతోందన్నమాట. నాలుగేళ్ల తర్వాత అదే నగరం నుంచి గర్స్ట్‌లీ, ఆమె సహచరులు ఇంకో మెట్టు ముందుకు వెళ్లారు. ఈ రుగ్మత ఉన్నా సరే, చికిత్స చేసే మనిషితో నమ్మకమైన బంధం ఏర్పడినవాళ్లు బాగుపడుతున్నారని చూపించారు. ఒకే పేరు పడ్డ మనుషులంతా ఒక్కలా ఉండరు. కోపిష్టిగా, మొండిగా కనిపించే మనిషిని రాత్రి నిద్ర పడుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగినవాళ్లు ఎందరుంటారు? అడగకపోతే డిప్రెషన్ దొరకదు. దొరకనిదానికి మందు ఉండదు.

శిక్షకు ఎందుకు లొంగరన్న ప్రశ్నకు జోసెఫ్ న్యూమన్ పరిశోధన కొంత జవాబిస్తుంది. 1987లో న్యూమన్, మార్క్ ప్యాటర్సన్, డేవిడ్ కోసన్ జైల్లో ఖైదీలతో పేకముక్కల ఆట ఆడించారు. మొదటి పది ముక్కల్లో గెలుపు అవకాశం తొంభై శాతం. ప్రతి పదికీ అది తగ్గుతూ పోతుంది. చివరికి గెలుపే ఉండదు. ఎప్పుడైనా ఆట ఆపి అప్పటిదాకా గెలుచుకున్న డబ్బు తీసుకోవచ్చు. మామూలు ఖైదీలు ఓటమి మొదలవగానే లేచిపోయారు. సైకోపతీ ఉన్నవాళ్లు, అంటే ఈ రుగ్మతలోనే మరింత తీవ్రమైన, జాలి లేని కోవకు చెందినవాళ్లు, పోతున్నా ఆడుతూనే ఉన్నారు. ఆటలో ఒకే ఒక్క మార్పు చేశారు. ప్రతి ముక్క తర్వాత ఇప్పటిదాకా వచ్చిందెంత, పోయిందెంత అని చూపించి, అయిదు సెకన్లు ఆగాకే తర్వాతి ముక్క తీయనిచ్చారు. అంతే, వాళ్లూ మిగతావాళ్లలాగే లేచిపోయారు. నష్టం వాళ్లకు అర్థం కాక కాదు. గెలుపు వెంట పరుగెడుతున్న మనసు నష్టం వైపు తిరిగి చూడదు. ఆపి చూపిస్తే చూస్తుంది.

ఈ సూత్రాన్ని వ్యసన చికిత్సకు వర్తింపజేస్తే ఎక్కడో భవిష్యత్తులో పడే శిక్ష కంటే, ఇప్పుడే చేతికందే చిన్న బహుమతి ఎక్కువ పనిచేయాలి. లాస్ ఏంజెలెస్‌లో మెస్సినా, డేవిడ్ ఫారబీ, రిచర్డ్ రాసన్ అదే పరీక్షించి 2003లో ప్రచురించారు. మెథడోన్ తీసుకుంటూనే కొకైన్ కూడా వాడుతున్న 108 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు మెథడోన్ మాత్రమే. ఒక గుంపుకు ఆలోచనలను, అలవాట్లను మార్చే సమావేశాలు. ఇంకో గుంపుకు వారానికి మూడుసార్లు మూత్ర పరీక్ష. అందులో కొకైన్ లేకపోతే అక్కడికక్కడే కొనుగోళ్లకు పనికొచ్చే వోచర్. వరుసగా నెగ్గుతూ పోతే దాని విలువ పెరుగుతుంది. ఒకసారి దొరికితే మళ్లీ మొదటికి. నాలుగో గుంపుకు సమావేశాలూ వోచర్లూ రెండూ. అందరూ ఊహించినదానికి విరుద్ధమైన ఫలితం వచ్చింది. చికిత్స కాలంలో కొకైన్‌కు దూరంగా ఉన్నవాళ్లలో సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవాళ్లే, అది లేనివాళ్ల కంటే ముందున్నారు. దానికి ముఖ్య కారణం వోచర్ల పద్ధతే.

ఇక్కడ పట్టింపుగా చూడవలసిన వివరాలు మూడు. బహుమతి వెంటనే అందుతుంది. అది ఖాయం. అది ఎవరి దయా కాదు, కౌన్సెలర్‌కు నచ్చినా నచ్చకపోయినా పరీక్షలో నెగ్గితే వస్తుంది. మోసం, బుజ్జగింపు, బెదిరింపు ఇవేవీ అక్కడ పనిచేయవు కాబట్టి, ఆ విద్యలే నమ్ముకుని బతికిన మనిషి కూడా వాటిని పక్కన పెట్టవలసి వస్తుంది. బాల్టిమోర్‌లో బ్రూనర్, కారిన్ నూఫెల్డ్ బృందం చేసిన ప్రయోగాలూ ఈ బాటలోనే సాగాయి. కౌన్సెలింగ్‌కు క్రమంగా వచ్చినవాళ్లకు మెథడోన్ ఇంటికి తీసుకెళ్లే వీలు, తమకు నచ్చిన వేళకు వచ్చే వీలు ఇచ్చారు. హాజరు పెరిగింది.

దీన్ని మాయమంత్రంలా చెప్పడం నాకిష్టం లేదు. వోచర్లు ఆగిపోయాక ఆ ప్రభావం కాలంతో పలచబడుతుంది. ఈ రుగ్మతకు చేసే మానసిక చికిత్సలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2010లోనూ, కొత్త అధ్యయనాలు చేర్చిన 2020లోనూ ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయని తేల్చింది. వ్యక్తిత్వాన్ని మార్చే మాత్ర లేదు. గాంజా విషయంలో ఇంకో చిక్కు ఉంది. రోజూ తాగే మనిషి మానేశాక కూడా వారాల తరబడి మూత్రంలో దాని ఆనవాళ్లు కనిపిస్తాయి. మొదటి వారం నుంచే నిజాయితీగా మానినవాడు పరీక్షలో ఓడితే నమ్మకం పోతుంది. గాంజా వాడకందార్లకు పరీక్ష ఎప్పుడు మొదలుపెట్టాలో, ఏది గెలుపుగా లెక్కించాలో ముందే ఆలోచించుకోవాలి.

డెన్మార్క్‌లో బిర్గిటె థీల్‌స్ట్రూప్, మోర్టెన్ హెస్సె ఇంకా తక్కువ ఖర్చుతో ప్రయత్నించారు. మామూలు వ్యసన చికిత్సకు ఆరు సమావేశాలు మాత్రమే అదనంగా చేర్చారు. నీకు సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ పోకడలున్నాయని మనిషికి సూటిగా, అవమానించకుండా చెప్పి, అప్పటికప్పుడు తోచింది చేసేయడం వల్ల నీ జీవితంలో ఏం జరిగింది, నీకు ముఖ్యమైనదేమిటి అని మాట్లాడించారు. 176 మంది పాల్గొన్న ఈ ప్రయోగం ఫలితాలు 2015లో వచ్చాయి. మూడు నెలల దగ్గర మత్తు లేని రోజులు పెరిగాయి. చికిత్స మధ్యలో వదిలేసేవాళ్లు కూడా తగ్గారని తర్వాతి విశ్లేషణ చెప్పింది. ఆరు సమావేశాలు ఏ బీద దేశమైనా భరించగలిగిన ఖర్చే. రోగికి దాచిపెట్టి, ఫైలులో మాత్రం రాసుకునే పేరును అతని ముందే పెట్టడం వల్ల మేలు జరిగిందన్నది గమనించదగ్గ విషయం.

న్యాయస్థానాల దగ్గరా ఇదే కనిపించింది. అమెరికాలో మత్తు కేసులకు ప్రత్యేక కోర్టులున్నాయి. అక్కడ ముద్దాయి జైలుకు బదులు చికిత్సలో ఉంటూ జడ్జి ముందు హాజరవుతాడు. డేవిడ్ ఫెస్టింజర్, డగ్లస్ మార్లో 2002లో ప్రచురించిన ప్రయోగంలో ఈ రుగ్మత ఉన్నవాళ్లు రెండు వారాలకోసారి జడ్జిని కలిసినప్పుడు మెరుగ్గా నిలబడ్డారు. రుగ్మత లేనివాళ్లకు అంత తరచుగా కోర్టు తిరగడం మేలు చేయలేదు. తరచుగా, క్రమం తప్పకుండా, ఒకే మనిషి చూపే శ్రద్ధ వీళ్లకు ఎక్కువ అవసరం. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. కష్టమైన రోగి దగ్గరికి వైద్యులూ బంధువులూ రావడం తగ్గించేస్తారు.

బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు నిర్దేశించే నైస్ సంస్థ 2009లో ఈ రుగ్మత మీద మార్గదర్శకాలు వెలువరించింది. ఈ పేరు ఉందనో, నేర చరిత్ర ఉందనో ఎవరినీ ఏ ఆరోగ్య సేవ నుంచీ తోసిపుచ్చకూడదని అందులో ఉంది. రుగ్మతకు మందులివ్వడం కాదు, దానితో పాటున్న మత్తు వ్యసనానికీ డిప్రెషన్‌కూ అందరికిచ్చే చికిత్సే ఇవ్వండి అని చెప్పింది.

మళ్లీ లీ రాబిన్స్ దగ్గరికి. ఆమె చేసిన రెండో గొప్ప పని వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన అమెరికన్ సైనికుల మీద. అక్కడ ఉండగా దాదాపు ఇరవై శాతం మంది హెరాయిన్‌కు బానిసలయ్యామని ఒప్పుకున్నారు. ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో వాళ్లలో మళ్లీ బానిసలైనవారు అయిదు శాతం మాత్రమే. 1970ల మొదట్లో ఈ ఫలితం చూసి చాలామంది నమ్మలేదు. హెరాయిన్ ఒకసారి పట్టిందంటే వదలదనుకున్న రోజులవి. మత్తు దొరికే చోటు, మత్తు వాడే తోడు, దాన్ని గుర్తుచేసే వాతావరణం ఒక్కసారిగా వెనకబడిపోవడం ఆ సైనికులకు కలిసొచ్చింది. వ్యక్తిత్వానికి మూలాలు బాల్యంలో ఉన్నాయని చూపిన పరిశోధకురాలే, మత్తును నిర్ణయించేది వ్యక్తిత్వం ఒక్కటే కాదని కూడా చూపింది.

గౌలిపుర కుర్రాడికి సముద్రం దాటి వెళ్లే ఇల్లు లేదు. మూడు నెలలు తాళం వేసిన కేంద్రంలో ఉండి వచ్చినా దిగేది అదే గల్లీలో. అదే దోస్తులు, అదే అప్పులు, అదే ఠాణా పిలుపు. లోపల ఉన్నన్నాళ్లూ మత్తు లేకుండా ఉండటం అంత గొప్ప సంగతి కాదు, అక్కడ అది దొరకదు. బయటికొచ్చిన మొదటి వారాలే అసలు చికిత్స కాలం. నగరంలో మానసిక వైద్యానికి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి ఎర్రగడ్డలో ఉంది, మూసీకి ఆవల, నగరం రెండో కొసన. గౌలిపుర నుంచి వెళ్లాలంటే ఆటోలో ఎంజీబీఎస్ దాకా వచ్చి మెట్రో ఎక్కాలి, లేదా బస్సులు మారాలి. కూలిపని మానుకుని, చార్జీలు పెట్టుకుని, వణుకుతున్న మనిషిని వెంటబెట్టుకుని వారం వారం వెళ్లిరావడం మొదటి నెల జరుగుతుంది. రెండో నెల తగ్గుతుంది. చికిత్స మానేశాడని అప్పుడు రాస్తారు.

ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతా తిరిగి చేసిన సర్వే 2019లో వచ్చింది. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒకరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందిందని, చట్టవిరుద్ధమైన మత్తులకు బానిసలైనవారిలో ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవారు ఇరవై మందిలో ఒక్కరేనని అది చెప్పింది. ఇలాంటి కరువులో చికిత్స ఎవరికివ్వాలో ఎంచుకోవలసి వస్తే మొదట తప్పించేది కష్టమైన మనిషినే.

చట్టం మాత్రం తలుపు తెరిచే ఉంచింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తు వాడాడనో, తక్కువ పరిమాణంలో దొరికాడనో కేసున్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే అతని మీద విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ తీసేయవచ్చు. 39వ సెక్షన్ కింద కోర్టు కూడా శిక్షకు బదులు చికిత్సకు పంపవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కించింది. అంటే గొలుసులు, దెబ్బలు అక్కడా నిషిద్ధమే. పాతబస్తీలో ఎన్ని ఇళ్లకు 64ఏ గురించి తెలుసు? కేసు రాసే చోటే ఆ మాట చెబితే ఎంత బాగుండేది.

ఇంటి మాట చెప్పకుండా ఈ విషయం ముగించలేను. ఈ రుగ్మత ఉన్న మనిషి చేతిలో దెబ్బలు తినేది భార్య, తల్లి, పిల్లలు. అతనికి చికిత్స అందాలనడం, వాళ్లు ఓర్చుకోవాలనడం కాదు. కొట్టే మనిషితో ఒకే గదిలో ఉండనవసరం లేదు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు పొందవచ్చు, 181కి ఫోన్ చేయవచ్చు. మత్తు మానిపించాలని ఇంట్లో కట్టేసి ఒక్కసారిగా ఆపడం ప్రాణాంతకం కావచ్చు, ముఖ్యంగా మద్యం, కల్తీ కల్లు, నిద్రమాత్రల విషయంలో. మూర్ఛలొచ్చి చనిపోయే ప్రమాదం ఉంది. ఆస్పత్రిలో మందులతో మెల్లగా తగ్గించాలి. మత్తు సమస్యలకు 14446, మానసిక సమస్యలకు టెలిమానస్ 14416 నంబర్లు ఉచితం.

ఇంట్లో డబ్బు ఇవ్వడం, ఆపడం విషయంలో కూడా పరిశోధన చెప్పేది పనికొస్తుంది. వారమంతా తిట్టి, ఆదివారం జాలితో అయిదువందలు చేతిలో పెట్టడం వల్ల ఏదీ నేర్చుకోడు. ఆస్పత్రికి వెళ్లొచ్చిన రోజు అతనికిష్టమైన కూర, ఫోన్ రీచార్జి, వెళ్లనిరోజు అవి లేకపోవడం, అరుపులు మాత్రం రెండు రోజులూ వద్దు. మాట తప్పకుండా ఇది నడపడం ఏ తల్లికైనా కష్టం. అందుకే ఆ పని ఇంటి మీద వదలకూడదు.

పిల్లల సంగతి అన్నిటికంటే తొందరగా పట్టించుకోవలసినది. ఎయిమ్స్ సర్వేలో పెద్దలకంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఒకే ఒక్కటి: పీల్చే మత్తు. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. గుడ్డలో సొల్యూషన్ పోసుకుని పీల్చే పన్నెండేళ్లవాడు, బడి ఎగ్గొట్టి కొట్లాడేవాడు సెయింట్ లూయిస్ పిల్లల్లో ఏ దారిన పోతాడో ఇంకా తేలలేదు. తల్లిదండ్రులకు పిల్లల్ని ఎలా పట్టుకోవాలో నేర్పే శిక్షణ ఆ వయసులో పనిచేస్తుందని నైస్ మార్గదర్శకాల్లోనే ఉంది. పెద్దయ్యాక చేసే ఏ చికిత్స కంటే దానికి ఆధారాలు బలంగా ఉన్నాయి.

హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. ఒక డాక్టర్, ఒక నర్సు, ఉచిత పరీక్షలు, నడిచి వెళ్లే దూరం. షుగరుకూ బీపీకీ నెలనెలా మందులిచ్చే ఆ గదిలో వారానికి రెండు పూటలు మత్తు మానినవాళ్ల కోసం కేటాయించవచ్చు. మూత్ర పరీక్ష పట్టీలు, ఎర్రగడ్డ వైద్యులతో ఫోన్‌లో సంప్రదింపు, శిక్షణ పొందిన ఒకే ఒక్క కౌన్సెలర్, వరుసగా నెగ్గినవాళ్లకు రేషనో బస్సు పాసో. గౌలిపుర నుంచే మొదలుపెట్టవచ్చు.